పసుపు కాగితం అంటించిన టేబుల్

"ఆగండి. బ్యాగు తెరవండి."

సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మ ఆగింది. అమ్మ వెనకాలే మిరపకాయ కూడా ఆగింది.

మిరపకాయకి అసలు పేరు వేరే ఉంది. కానీ కోపం ముక్కు మీదే ఉంటుందని నాన్న ఈ పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది. వయసు పదేళ్లు. ఈ దేశం వచ్చి ఏడు వారాలైంది.

గార్డు బిల్లు చేతిలో పట్టుకుని బ్యాగులోంచి ఒక్కొక్క వస్తువూ బయటికి తీశాడు. పాలు. బియ్యం. సబ్బులు. ఉల్లిపాయలు కూడా లెక్కపెట్టాడు! ఈలోగా పక్కనుంచి నలుగురు బయటికి వెళ్లిపోయారు. ఒక్కరినీ ఆపలేదు.

చివరికి వెళ్లమన్నట్టు తల ఊపాడు. సారీ కూడా చెప్పలేదు.

"మనం దొంగల్లా కనిపిస్తున్నామా?" రోడ్డు మీదికి రాగానే మిరపకాయ పేలిపోయింది.

"మెల్లగా మాట్లాడవే!"

"తెలుగులోనేగా అరుస్తున్నా. ఎవరికి అర్థమవుతుంది?"

"అరుపు ఏ భాషలోనైనా అర్థమవుతుంది తల్లీ. పోనీలే, వదిలెయ్."

"ఎందుకు వదిలెయ్యాలి? అంతమంది వెళ్తుంటే మననే ఆపాడు!"

అమ్మ బ్యాగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. అమ్మ చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అది చూసేసరికి మిరపకాయకి ఒళ్లు మండిపోయింది.

ఇంటికి వచ్చాక కోపం తగ్గిందా? అబ్బే, ఇంకా పెరిగింది. ఎందుకంటే హోంవర్క్ చెయ్యాలి. హోంవర్క్ సూట్‌కేసు మీద చెయ్యాలి.

అయిదో అంతస్తులో వాళ్లు అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో సామాను ఏమీ లేదు. మంచాలు వచ్చాయి. కుర్చీలు రెండు వచ్చాయి. టేబుల్ మాత్రం రాలేదు. నాన్న ప్రతి వారం "వచ్చే వారం చూద్దాం" అంటాడు. ఆ వచ్చే వారం రానే రాదు. సూట్‌కేసు పడుకోబెట్టి రాస్తుంటే మధ్యలో జిప్పు తగులుతుంది. అక్షరాలన్నీ గోతుల రోడ్డు మీద బస్సులా ఎగిరిపడతాయి.

నిన్న టీచర్ నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో "చేతిరాత బాగోలేదు" అని రాసింది. అది నా చేతిరాత కాదు టీచర్, సూట్‌కేసు చేతిరాత అని చెబుదామంటే ఆ భాష సరిగ్గా రాదు!

"చెత్త బ్యాగు కింద పడేసి రా," అని వంటింట్లోంచి అమ్మ కేక వేసింది.

మిరపకాయ విసవిసా కిందికి వెళ్లింది. చెత్త డబ్బాలో బ్యాగు పడేసి వెనక్కి తిరిగింది. అంతే, అక్కడే నిలబడిపోయింది.

ఫుట్‌పాత్ మీద ఒక టేబుల్ ఉంది.

లేత రంగు చెక్క. రెండు సొరుగులు. కింద నాలుగు చిన్న చక్రాలు. పైన ఒక పసుపు కాగితం అంటించి ఉంది.

కాగితం!  బిల్డింగ్ బాగోగులు చూసే ఆవిడ మొదటి వారమే నాన్నకి ఒక సంగతి చెప్పింది. ఆవిడ నడుముకి ఎప్పుడూ తాళాలగుత్తి గలగలలాడుతుంటుంది కాబట్టి మిరపకాయ ఆవిడకి తాళాల ఆంటీ అని పేరు పెట్టింది. ఈ ఊళ్లో తమకు అక్కర్లేని వస్తువులు ఫుట్‌పాత్ మీద పెట్టి, 'తీసుకోండి' అని రాసిన కాగితం అంటిస్తారట. ఎవరైనా పట్టుకెళ్లొచ్చట.

కిందటి వారం ఇలాగే ఒక లైటు కనబడింది. అమ్మని అడగడానికి పైకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఎవరో పట్టుకుపోయారు.

కాగితం మీద ఏం రాసుందో చూసింది. అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుని చదివేది. ఇది గొలుసుకట్టు రాత. ఒక్క ముక్క అర్థం కాలేదు. తాళాల ఆంటీ అక్కడే మెట్లు తుడుస్తోంది. అడగొచ్చు.

"అడిగేలోపు ఇంకెవరో ఎత్తుకుపోతారు," అనుకుంది మిరపకాయ. "మనకి ఈ ఊరు ఇచ్చిందేముంది? ఇదొక్కటైనా ఇవ్వనీ!"

ఆంటీ అటు తిరిగి ఉండగానే టేబుల్‌ని గడగడా లిఫ్టులోకి తోసేసింది.

"ఎక్కడిదే ఇది?" అమ్మ నోరు తెరిచింది.

"కింద పెట్టారు. చూడు, కాగితం!"

అమ్మకి ఆ రాత అసలే రాదు. కాగితం చూసింది, టేబుల్ నిమిరింది, నవ్వింది. పొద్దుట్నుంచీ అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

మిరపకాయ పెన్సిళ్లు సొరుగులో సర్దుకుంది. నోట్‌బుక్ తెరిచి మొదటి లైను రాసింది. ముత్యాల్లా వచ్చాయి అక్షరాలు. రెండో లైను మొదలుపెట్టింది.

కిందనుంచి అరుపులు వినిపించాయి.

బాల్కనీలోకి వెళ్లి తొంగి చూసింది. గుమ్మం ముందు ఒక లారీ ఆగి ఉంది. ఫుట్‌పాత్ మీద మంచం, బీరువా, అట్టపెట్టెలు. ఎవరో కొత్తగా దిగుతున్నారు.

మంచం మీద పసుపు కాగితం. బీరువా మీద పసుపు కాగితం. ప్రతి పెట్టె మీదా పసుపు కాగితం.

అయితే ఆ టేబుల్ కూడా వీళ్లదే!

కింద కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన సామాను మోసే మనిషి మీద గట్టిగా అరుస్తున్నాడు. పక్కన మిరపకాయ ఈడు పిల్ల ఒకతి కళ్లు తుడుచుకుంటోంది. మిరపకాయకి ఆ భాష సగమే అర్థమైంది. ఆ సగమే చాలు.

"టేబుల్ ఏది? లారీ తిప్పుకొచ్చే ముందు ఇక్కడే దింపావుగా! నీ లారీ తలుపు తెరువు. నీ బ్యాగు తెరువు!"

"టేబుల్ బ్యాగులో పడుతుందా సార్? ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. ఒక్క చెంచా కూడా పోలేదు."

"మీ ఆఫీసుకి ఫోన్ చేస్తా. రేపట్నుంచి నీకు పనెలా ఉంటుందో చూస్తా!"

సామాను మోసే ఆయన తన బ్యాగు తెరిచి చూపించాడు. అంత పెద్ద మనిషి తల దించుకున్నాడు. ఆయన చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఏంటే గొడవ?" లోపలినుంచి అమ్మ అడిగింది.

మిరపకాయ ఉలిక్కిపడింది. "ఏ... ఏమో!"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఏంటా కంగారు?"

మిరపకాయ బుర్ర చకచకా పరిగెత్తింది. టేబుల్‌ని మెల్లగా లిఫ్టులో దింపి, గుమ్మం పక్కన వదిలేసి వచ్చేస్తే? ఎవరూ చూడరు. టేబుల్ దొరికిపోతుంది. గొడవ తీరిపోతుంది.

తీరుతుందా? లారీవాడే దాచి, భయపడి బయట పెట్టేశాడని అంటారు. ఇంక ఆయన ఎన్నేళ్లు పని చేసినా ఆ మాట పోదు.

మిరపకాయ లోపలికి వచ్చింది. సొరుగులోంచి పెన్సిళ్లు తీసేసింది.

"అమ్మా, ఈ టేబుల్ కిందవాళ్లది. నేను చదవకుండా తెచ్చేశాను. పాపం, సామాను మోసే ఆయన్ని దొంగంటున్నారు."

అమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో! నేను కూడా చూసుకోలేదే. పద, నేనే చెప్తా."

"వద్దు. తెచ్చింది నేను."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. చక్రాల చప్పుడుకి అందరూ ఇటు తిరిగారు. కళ్లజోడాయన చేతిలో ఫోను ఉంది.

మిరపకాయ ఇన్ని వారాల్లో బయటివాళ్లతో అవును, కాదు, థాంక్యూ తప్ప ఏమీ మాట్లాడలేదు.

"నేను తీశాను," అంది ఆ భాషలో. "కాగితం చూశాను. చదవలేదు. ఆయన తియ్యలేదు. నేను."

తాళాల ఆంటీ ముందుకొచ్చి కాగితం మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివి వినిపించింది. "మూడో అంతస్తు. పాప గది."

ఆ పాప పరుగున వచ్చి సొరుగులు లాగి చూసుకుంది. ఏడుపు ఆపి మిరపకాయని ఎగాదిగా చూసింది.

"సారీ," అంది మిరపకాయ ఆ పిల్లతో. తర్వాత సామాను మోసే ఆయన ముందుకెళ్లి నిలబడింది. "మీకు కూడా. చాలా సారీ."

ఆయన తన బ్యాగు మూసుకున్నాడు.

కళ్లజోడాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరే సరే, దొరికిందిగా. పని కానివ్వు," అన్నాడు.

అంతేనా! మిరపకాయకి మళ్లీ ఒళ్లు మండింది.

"మీరు... ఆయనకి... సారీ!" అంది వేలు చూపిస్తూ.

"నోరు ముయ్యవే!" అమ్మ తెలుగులో గుసగుసగా అంటూ జడ పట్టుకుని లాగింది.

తాళాల ఆంటీ మాత్రం నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని కళ్లజోడాయన వైపే చూస్తూ నిలబడింది. ఆయన కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "తప్పయింది. ఏమీ అనుకోకు," అన్నాడు మోసే ఆయనతో.

మోసే ఆయన టేబుల్‌కి ఒక చివర పట్టుకున్నాడు. మిరపకాయ వైపు చూడకుండానే రెండో చివర చూపించాడు.

"అటు పట్టుకో."

మిరపకాయ పట్టుకుంది. మూడో అంతస్తులో ఆ పాప తలుపు తెరిచి పట్టుకుంది. టేబుల్‌ని కిటికీ పక్కన పెట్టారు. ఆ పాప రెండు చేతులూ దాని మీద ఆన్చి కూర్చుంది. అది ఎంత బాగుంటుందో మిరపకాయకి తెలుసు. ఒక్క లైను రాసిందిగా.

పని అయిపోయిందని మిరపకాయ ఇంటికి పోలేదు. మళ్లీ కిందికే వచ్చింది. ఒక పెట్టె మోసింది. ఇంకో పెట్టె మోసింది. మోసే ఆయన వద్దనలేదు, రమ్మననూ లేదు.

ఆరో పెట్టెకి వచ్చేసరికి గోడ పక్కన ఒక గుడ్డ సంచి కనబడింది. దాని మీద కాగితం ఏదీ లేదు. మిరపకాయ తియ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది ఎవరిది?" అని అడిగింది.

మోసే ఆయన తిరిగి చూశాడు. మొదటిసారి ఆయన మూతి ఒక పక్కకి వంగింది.

"నాది. అందులో నా భోజనం ఉంది. పొద్దుట్నుంచీ తినే తీరికేదీ?"

మిరపకాయ పక్కనున్న చిన్న పెట్టె ఎత్తుకుంది.

"అయితే మీరు కూర్చుని తినండి," అంది వచ్చీరాని భాషలో. "చిన్న పెట్టెలు నేను మోస్తా."