కారం లేని ఉగ్గాని

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆ మంచం మీద పడుకునేదాకా వివేక్‌కి తన ముక్కు ఇంత దురద పెట్టగలదని తెలీదు.

రెండు చేతులకీ సూదులు. కుడిచేతి నుంచి బయల్దేరిన రక్తం సన్నటి గొట్టంలో పోయి, మిషన్‌కి తగిలించిన డబ్బాలో వడగట్టుకుని, ఎడమచేతిలోకి తిరిగొస్తోంది. గంటసేపు కదలకూడదు.

"సిస్టర్, కొంచెం ముక్కు..." అన్నాడు కళ్ళు మూసుకునే.

"సిస్టర్ కాదు, టెక్నీషియన్ని. బజ్జీ ముట్టనోళ్ళ ముక్కులు మేం గోకం."

ఉలిక్కిపడి చూశాడు. మాస్కు పైన రెండు పెద్ద కళ్ళు. పోయిన నెల జమ్మలమడుగులో పెళ్ళిచూపులప్పుడు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చిచ్చిన కళ్ళు! ఆ ప్లేటు ముట్టకుండా లేచొచ్చేశాడు. పిల్ల నచ్చలేదని చెప్పడానికి సీమలో అంతకన్నా పెద్ద మాట అక్కర్లేదు.

"ప్రత్యూషగారా!"

"కదలొద్దు, అలారం మోగుతుంది. ఆ పొద్దు మా నాయన అన్నం గూడా తినలా. పులివెందులోళ్ళకు అంత పొగరేంది అని ఇప్పటికీ అంటాండాడు."

"పొగరు కాదండీ. పేగు."

"ఇప్పుడు కేసు షీటు చూస్తే తెలిసింది. పెద్దపేగు నిండా పుండ్లు పెట్టుకుని, ఆ మాట ఆడనే చెప్పింటే ఏం పోయేది?"

"చెప్పొద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది. తింటే ప్రాణం మీదికొస్తుంది, చెప్తే ఒట్టు పోతుంది. అందుకే లేచొచ్చేసినా."

ఆమె దూది తీసుకుని అతని ముక్కు మీద మెల్లగా రాసింది. వివేక్‌కి జన్మలో అంత సుఖం ఎరగనట్టనిపించింది.

"ఆ డబ్బాలో ఏముంది?"

"చిన్న చిన్న పూసలు. తెల్లకణాలు రోగం మీదికి పోవాల గదా, మీవి కొన్ని రెచ్చిపోయి మీ పేగు మీదనే పడినాయి. అట్లాంటివి ఈ పూసలకు అతుక్కుంటాయి. మిగతా రక్తం మళ్ళీ మీకే వస్తుంది."

"అచ్చం మా పెదనాయన మాదిరి. బయట ఎవురితో తగువొచ్చినా ఇంట్లోవాళ్ళ మీదనే అరుస్తాడు."

ఆమె నవ్వింది. మాస్కు అడ్డమొచ్చినందుకు వివేక్‌కి మాస్కు కనిపెట్టినవాడి మీద కోపమొచ్చింది.

"తగ్గుతుందా?"

"కొందరికి తగ్గుతుంది. మళ్ళీ రావచ్చు గూడా. మీకు అబద్ధం చెప్పను."

ఇంట్లో అందరూ తగ్గిపోతుందిలే అనేవాళ్ళే. ఇలా చెప్పింది ఈమె ఒక్కతే. ఆ కళ్ళని చూస్తూ వివేక్ ఆ క్షణమే పడిపోయాడు, మంచం మీద ఉన్నాడు కాబట్టి దెబ్బ తగల్లేదు.

"ఆదివారం మీ ఇంటికొస్తా. మా అమ్మకు చెప్పే వస్తా. మీ నాయనకు అంతా నేనే చెప్తా. అంతవరకూ మీరేం చెప్పొద్దు."

"ఆయన కోపం మీకు తెలీదు."

"ఆయన్ను గూడా ఈ డబ్బాలో వడగడితే?"

"పూసలు సాలవు!"

ఆదివారం జమ్మలమడుగులో ప్రత్యూష నాయన నారాయణ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు. వివేక్ నిలబడే అంతా చెప్పాడు. పేగు, పుండ్లు, రక్తం వడగట్టడం, మళ్ళీ రావచ్చన్నదీ దాచలేదు.

"నేను వద్దన్నది బజ్జీని. మీ పాపను కాదు."

నారాయణ కుర్చీలోంచే వెనక్కి తిరిగాడు. లోపలికి కేకేశాడు. "పాపా, ఉగ్గాని తేమ్మా!"

వివేక్ చెయ్యి పొట్ట మీదికి పోయింది.

ప్రత్యూష ప్లేటు తెచ్చింది. బొరుగులు, పసుపు, కాస్త తిరగమోత. ఒక్క మిరపకాయ ముక్క లేదు. పక్కన బజ్జీ లేదు.

"వారం నుంచి మా ఇంట్లో ఇదే," అన్నాడు నారాయణ. "కారమేదని అడిగితే పలకదు. పాప వంట మర్చిపోయిందేమో అనుకున్నా. ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది. కూర్చో నాయనా, తిను. ఈసారి మిగిలిస్తే ఊరుకోను."

వివేక్ ఒక్క బొరుగు వదలకుండా తిన్నాడు.

"ఎట్లుందప్పా?"

"శానా బాగుంది."

"అబద్ధాలు వద్దు," అన్నాడు నారాయణ.

వివేక్ తల తిప్పాడు. గుమ్మం దగ్గర ప్రత్యూష, ఈసారి మాస్కు లేకుండా, నవ్వాపుకోలేక చస్తోంది.

"చప్పగా ఉంది మామా," అన్నాడు వివేక్. "ఇంకొంచెం పెట్టమను."