పదకొండో పేరు

ఊరేగింపుకి గులాబీ రిబ్బన్లు వెతుకుతూ తండ్రి బల్ల సొరుగు లాగిన సాదిత్‌కి, ఏడు నెలల కిందటి ఆసుపత్రి జాబితాలో తన తల్లి పేరు నల్లసిరాతో కొట్టేసి కనిపించింది.

మొత్తం పంతొమ్మిది పేర్లు. పద్దెనిమిదింటి పక్కన మూడేసి టిక్కులున్నాయి. పదకొండో పేరు మీద మాత్రం అడ్డంగా ఒక గీత. కాగితం చిరిగేంత గట్టిగా గీసిన గీత. అయినా కింద అక్షరాలు చదవడానికి వస్తూనే ఉన్నాయి. ఎర్లిండా మురయారి, యాభై ఎనిమిదేళ్లు, సంతా రీతా రేవు.

చెక్కగోడకి అవతల, ఇంట్లోనే ఉన్న రేడియో స్టూడియోలో, తండ్రి నెప్తాలీ మైకు ముందు కూర్చుని పొద్దుటి కబుర్లు చదువుతున్నాడు. "యనయాకులో ఉన్న అల్సీరా గారికి. మీ అల్లుడు గురువారం పడవలో రెండు పందిపిల్లల్ని పంపుతున్నాడు, రేవులో ఉండి దింపుకోమన్నాడు. ఇది అందరికీ. ఈరోజు ఎనిమిదింటికి రేవు నుంచి రొమ్ము క్యాన్సర్ అవగాహన నడక. మా అమ్మాయి, పంతులమ్మ సాదిత్ నడిపిస్తోంది. ఆడవాళ్లు రావాలి. వాళ్లని పంపడానికి మగవాళ్లు ఓ గంట ముందు లేవాలి."

నది పొడుగునా ముప్పై ఊళ్లకి ఆ గొంతే ఫోను, ఆ గొంతే ఉత్తరం. ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరి కోళ్లు ఏ పడవలో వస్తున్నా నెప్తాలీ చదవాల్సిందే. ముఖ్యమైన కబురైతే మూడుసార్లు చదువుతాడు. ఒకసారి చదివి ఒక టిక్కు. ఇరవై రెండేళ్లుగా ఆ పద్ధతి తప్పలేదు.

మార్చిలో రొమ్ము పరీక్షలు చేసే ఆసుపత్రి పడవ రేవుకి వచ్చినప్పుడు నూట నలభై మంది ఆడవాళ్లు చూపించుకున్నారు. వాళ్లని ఇళ్ల నుంచి లాక్కొచ్చింది సాదిత్. ఫలితాల్లో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు ఇకీతోస్ పట్నంలోని పెద్దాసుపత్రి నుంచి నేరుగా రేడియోకి వస్తాయి. ఫలానావాళ్లు ఆరోగ్య కేంద్రానికి రావాలి అని చదువుతారు, అంతే, ఎందుకో చెప్పరు. పేరు వినబడనివాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. ఆ మాటని ప్రతి ఊళ్లోనూ ప్రతి సభలోనూ సాదిత్ తన నోటితోనే చెప్పింది. బడి గోడ మీద రాయించింది కూడా.

ఆసుపత్రివాళ్లే పొరపాటు దిద్దుకుని పేరు కొట్టేసి ఉంటారు అనుకుంది. అలా అనుకోవడం తేలిక. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వంటింట్లోకి నడిచింది.

ఎర్లిండా కిటికీ పక్కన కూర్చుని ఆఖరి బొమ్మ కుడుతోంది. గోధుమరంగు గుడ్డతో రొమ్ము ఆకారం, లోపల దూది, దూదిలో ఒక గింజ. ఆడవాళ్లు వేళ్లతో నొక్కి గడ్డ ఎలా తగులుతుందో తెలుసుకోవడానికి. ఏప్రిల్ నుంచి అన్ని సభలకీ ఆమే కుట్టి ఇస్తోంది. పక్కనే ఆకు పొట్లాల్లో అన్నం, కోడిమాంసం ఉడుకుతున్నాయి, నడిచినవాళ్లకి పెట్టడానికి.

"కాఫీ తాగి వెళ్లు. ఊరందరి ఆరోగ్యం చూసేదానివి, నీ మొహం చూడు, పీక్కుపోయిన చేపలా ఉంది," అంది ఎర్లిండా.

సాదిత్ ఒక బొమ్మ తీసి నొక్కింది. గింజ ఎడమవైపు, పైన, చంకకి దగ్గరగా తగిలింది. ఇంకోటి నొక్కింది. అక్కడే. మూడోది, నాలుగోది. పన్నెండింటిలోనూ గింజ అదే చోట ఉంది. బీరువా మీదున్న పాత సంచీ దింపి ఏప్రిల్ నాటి బొమ్మలు తీసింది. వాటిలోనూ అదే చోటు. కాకపోతే వాటిలో గింజ పెసరగింజంత. కొత్తవాటిలో రేగిపండంత ఉంది.

"అమ్మా, అన్నీ ఒకే చోట పెట్టావేం?"

"చేతికి అలవాటైన చోటు."

"గింజ పెద్దదయింది."

ఎర్లిండా దారం కొరికింది. "అదీ పెద్దదయిందిగా మరి. నువ్వే అన్నావు, నిజం గడ్డ ఎలా ఉంటుందో అలాగే కుట్టమని. చూసి కుట్టాలంటే ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి కదా."

ఎర్లిండా తన జాకెట్టు పక్కకి జరిపి, కూతురి చేయి పట్టుకుని, ఎడమవైపు పైన, చంకకి దగ్గరగా పెట్టుకుంది. సిగ్గుపడకుండా, కూరలో ఉప్పు చూడమన్నంత మామూలుగా. వేళ్ల కింద గట్టిగా, కదలకుండా ఉంది. సాదిత్ రెండేళ్లుగా వందలమంది ఆడవాళ్లకి వర్ణించింది దీన్నే. ఒక్కసారి కూడా తాకి ఎరగదు.

"చెయ్యి కొంచెం లాగుతోంది, బట్టలుతికితే," అంది ఎర్లిండా. "దానికేముంది. మార్చిలో చూశారుగా. నా పేరు చదవలేదుగా. పేరు రాకపోతే భయం లేదని నువ్వేగా చెప్పావు."

మార్చిలో ఆ రోజు సాదిత్‌కి గుర్తుంది. జాబితా మూడుసార్లూ చదివేసిన మర్నాడు పొద్దున్నే తల్లి పండగకి వండే పొట్లాలు వండి వీధంతా పంచింది. రేడియోలో పాట వస్తుంటే చీపురు పట్టుకుని వరండాలో నాట్యం చేసింది. తండ్రి గుమ్మంలో నిలబడి చూశాడు. నవ్వలేదు. గొంతు రాసుకుపోయింది అన్నాడు.

వెళ్లొస్తానమ్మా అని బయటికొచ్చేసింది సాదిత్. కాఫీ తాగలేదని వెనక నుంచి తల్లి తిడుతూనే ఉంది.

రేవు దగ్గర అప్పటికే నలభై మంది చేరారు. గులాబీ చొక్కాలు, కొందరి నెత్తిన గులాబీ తువ్వాళ్లు. చేపలమ్మే మెర్లీత ఆమెని చూసి కేకేసింది. "పంతులమ్మా, మీ నాన్నకి చెప్పు. ఈసారి జాబితాలో నా పేరుంటే చదవొద్దు, పాట వేసెయ్యమను. ఆయన నోట పడ్డవాళ్లెవరూ మిగల్లేదు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది పాత పరాచికమే. రెండేళ్ల కిందట మొదటిసారి పడవ వచ్చినప్పుడు నెప్తాలీ ఆరు పేర్లు చదివాడు. ఏడాది తిరక్కుండా నలుగురు పోయారు. గడ్డ ముదిరాక వచ్చారు కాబట్టి పోయారని సాదిత్ ప్రతి సభలోనూ చెబుతూ వచ్చింది. సభలో తలూపేవాళ్లు. బజారులో మాత్రం నెప్తాలీ ఎదురొస్తే కొందరు చెవులు మూసుకునేవాళ్లు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

ఆరోగ్య కేంద్రం తలుపు తెరిచే ఉంది. నర్సు ఒటీలియా టీకాల పెట్టె తుడుస్తోంది. సాదిత్ కాగితం చూపించి, మీ దగ్గరున్న ప్రతి చూపించమంది. ఒటీలియా రిజిస్టరు తీసింది. ఆ ప్రతిలో పదకొండో పేరు మీద గీత లేదు. ఎదురుగా ఆమె చేతిరాతలో రెండు మాటలు: పిలిచాం, రాలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

ఒటీలియా వింతగా చూసింది. "నీకు తెలియదా? మీ నాన్నని రెండుసార్లు అడిగాను, వీధిలో ఆపి మరీ. మీ పిన్ని దగ్గరికి పంపి ఇకీతోస్‌లో చూపించాం, అక్కడిచ్చిన మందులే వాడుతోంది అన్నాడు. ఇంటి విషయం కదా, పైకి చెప్పుకోవడం ఇష్టం లేదేమో అనుకున్నా. మీ అమ్మ ఈ మధ్య చిక్కింది కూడా. మందుల వల్లే అనుకున్నా."

ఇప్పుడు ఎలా ఉంటుందని సాదిత్ అడిగింది. పరీక్ష చేస్తే గాని చెప్పలేనంది నర్సు. ఏడు నెలలంటే తక్కువ కాదంది. మధ్యాహ్నం పడవకి పంపితే ఎల్లుండికి ఇకీతోస్ చేరొచ్చు, చీటీ రాసిస్తానంది. రాస్తూ ఒకసారి తలెత్తి, పడవ ఎక్కేముందు నిజం చెప్పాలి, నిజం తెలియకుండా ఎవరూ ఆపరేషనుకి ఒప్పుకోరు అంది.

తిరిగొచ్చేసరికి రేడియోలో పాట వస్తోంది. సాదిత్ స్టూడియో తలుపు తోసి లోపలికెళ్లి జాబితాని తండ్రి ముందు, మైకు పక్కన పెట్టింది. నెప్తాలీ దాన్ని చూశాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎక్కడ దొరికిందని అడగలేదు.

"నువ్వేనా నాన్నా?"

ఆయన తలూపాడు.

సాదిత్ అరవబోయి ఆగింది. ముప్పై ఊళ్లకి ధైర్యం చెప్పే మనిషి, డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా బల్ల అంచు గీరుతున్నాడు. ఈయన్ని కొట్టాలో పట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"గింజ సైజు ఎంతయిందో తెలుసా నీకు? అమ్మ దాన్ని చూసి బొమ్మలు కుడుతోంది. నేను ఆ బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగాను. అందరికీ పాఠం చెప్పాను. మా అమ్మకి మాత్రం నీకేం లేదని చెప్పాను. నేనే చెప్పాను."

"నువ్వు చెప్పింది తప్పు కాదు తల్లీ."

"చదివేవాడు చదువుతాడని నమ్మి చెప్పాను."

పాట సగానికి వచ్చింది. నెప్తాలీ కిటికీలోంచి వంటింటి వైపు చూశాడు. తనకి చెప్పడం చేతకాదన్నాడు. రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేశానన్నాడు. నువ్వే చెప్పు, నీకు మాటలొచ్చు, ఎంతమందికి చెప్పలేదు అని బతిమాలాడు.

సాదిత్ తల అడ్డంగా ఊపింది. "నేను చెబితే నువ్వు దాచావని చెప్పాలి. అది నా నోటితో చెప్పలేను. పడవ పన్నెండింటికి. అంతలోపల నువ్వే చెప్పాలి."

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఎన్ని సభలు, ఎన్ని గోడరాతలు, ఎన్ని మైళ్లు పడవలో. ఆఖరికి అంతా ఈ గదిలో, ఈ ముసలాయన నోరు తెరవడం మీద ఆగింది.

పాట అయిపోయింది. రేవు దగ్గర స్తంభానికి కట్టిన స్పీకరు ఖాళీగా గురగురమంటున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. నడక మొదలుపెట్టమని నెప్తాలీ చెప్పాలి, జనం దానికోసమే చూస్తున్నారు. ఆయన మైకు బటన్ నొక్కాడు. నడక గురించి చెప్పలేదు. జాబితాని దగ్గరికి లాక్కున్నాడు.

"ఆరోగ్య కేంద్రం నుంచి కబురు," అన్నాడు. "సంతా రీతా రేవులో ఉన్న ఎర్లిండా మురయారి గారు వెంటనే ఆరోగ్య కేంద్రానికి రావాలి."

జేబులోంచి పెన్ను తీసి ఒక టిక్కు పెట్టాడు.

వంటింట్లో గిన్నె మూత పడిన చప్పుడైంది. తర్వాత అడుగులు. ఎర్లిండా స్టూడియో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సూది, సూదికి గులాబీ దారం. ముందు భర్త వైపు చూసింది. తర్వాత కూతురి వైపు. కూతురి మొహం చూశాక గోడ పక్కనున్న స్టూలు లాక్కుని, భర్త మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "చదువు," అంది. "మూడుసార్లు కదా నీ లెక్క."

నెప్తాలీ రెండోసారి చదివాడు. రెండో టిక్కు పెట్టాడు. మైకు ఆపలేదు. ఆమె వైపు తిరిగి, మైకులోకే మాట్లాడాడు.

"ఈ పేరు మార్చిలో వచ్చింది. దాచింది నేను. ఆసుపత్రి తప్పు లేదు, నర్సమ్మ తప్పు లేదు, మా అమ్మాయి తప్పు అసలే లేదు. ఆరుగురి పేర్లు చదివితే నలుగురు పోయారు. నా నోట్లో ఏదో ఉందని మీరు నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నమ్మాను. పదకొండో పేరు దగ్గరికొచ్చేసరికి నా గొంతు నన్ను దాటి వెళ్లలేదు. రేపు ఇంట్లో మెల్లగా చెబుదామనుకున్నాను ఎర్లిండా. తెల్లారేసరికి నువ్వు పొట్లాలు వండావు. చీపురుతో నాట్యం చేశావు. నీ మొహం అలా చూసి ఎన్నాళ్లయిందో. ఆ ఒక్కరోజూ ఉండనిద్దామనుకున్నాను. అదే ఏడు నెలలయింది. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. కాపాడుకున్నది నన్నే. నువ్వు లేని ఇంట్లో నా గొంతు నేను వినాల్సి వస్తుందని భయం.

"రేవులో ఉన్న అమ్మలకి ఒక మాట. పేరు చదవలేదంటే ఏమీ లేదని కాదు. చదివేవాడు మనిషి. మీరే వెళ్లి అడగండి. నన్ను నమ్మకండి.

"మూడోసారి చదువుతున్నాను. ఎర్లిండా మురయారి. నా భార్య. మధ్యాహ్నం పడవకి వెళ్లాలి. తోడు నేను వస్తాను, నువ్వు రానిస్తే."