పప్పుగుత్తి కనపడని శుక్రవారం

"అత్తా, నా పప్పుగుత్తి తీసినావా?"

"నాకేం పనిమే దాంతో? నోట్లో పండ్లు లేవు, చేతుల్లో సత్తువ లేదు. దాంతో మద్దెల కొట్టుకోవాల్నా?"

వంటింటి గడప దగ్గర బొరుగులు ఏరుతున్న షాహీదాబీ తల కూడా ఎత్తకుండా జవాబు చెప్పింది. మెహరున్నీసా గిన్నెల బుట్ట బోర్లించింది. అలమర కింద చెయ్యి పెట్టి తడిమింది. కుక్కర్లో పప్పు మెత్తగా ఉడికి ఎదురుచూస్తోంది. శుక్రవారం నమాజు కాగానే ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చొని తినడం ఆ ఇంటి అలవాటు. పైగా సాయంత్రం బస్సుకే కూతురు నిఖత్ తిరిగి వెళ్ళిపోతుంది. సంగటిలోకి పప్పు సరిగ్గా కుదరాలని ఆమె పట్టుదల.

ముందు గదిలోంచి భర్త నబీ రసూల్ కేక వేశాడు. "పొద్దున్నే ఏంది ఆ గలాటా? గరిటెతో ఎనుపు, అయిపోతుంది."

"నీ పట్టకారు పోతే వేళ్ళతో పట్టుకోమంటా, ఊరకుంటావా?"

"పట్టకారూ పప్పుగుత్తీ ఒకటేనా?"

"నాకు ఒకటే! గరిటెతో ఎనిపితే సగం పలుకులు, సగం నీళ్ళు. తినేటప్పుడు మొకం చిట్లించేది నువ్వే."

"ఇందాక చపాతీ కర్ర గూడా కనపళ్ళే అంటాంటివి కదమ్మే," అంది షాహీదాబీ చల్లగా. "మనమరాలు వచ్చినప్పుడల్లా నీ వంటింట్లో సామాన్లకు కాళ్ళొస్తాయి. పెరట్లో చూసుకోపో."

నబీ రసూల్ గదిలోనే నవ్వేశాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక సందులో ఆ ముందు గదే అతని పని చోటు. ముప్పై ఏళ్ళుగా అంగళ్ళవాళ్ళు ఇచ్చే నగలకు అతుకులు పెట్టి, రాళ్ళు పొదిగి ఇస్తున్నాడు. కూతురు వాయుసేనలో పైలట్ శిక్షణకు పోతుందని తెలిసినప్పుడు బజారు బజారంతా నవ్వింది. "ఆడపిల్లకు ఇంటి పని నేర్పకుండా ఇమానం నేర్పిస్తాండావా రసూల్ మామా?" అన్నారు. నిఖత్ దుండిగల్ అకాడమీకి వెళ్ళింది. మొదటి నెలలో గాల్లోకి లేచిన ప్రతిసారీ వాంతులు చేసుకుంది. ఫోన్లో ఏడ్చింది, ఏడుస్తూనే మళ్ళీ ఎక్కింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసి, "నాయనా, ఈ పొద్దు నా వెనక సీటు ఖాళీ! సారు దిగిపోయినాడు. నేనొక్కదాన్నే ఎక్కి, తిరిగి, దిగినా!" అని అరిచింది. ఆ సాయంత్రం నబీ రసూల్ బజారంతా మిఠాయి పంచాడు. ఇంక జెట్ విమానమే అని అందరికీ చెప్పాడు. అప్పటినుంచీ అతనికి జెట్టు రసూల్ అనే పేరు పడిపోయింది. ఎవరైనా అలా పిలిస్తే వినపడనట్టు నటించి, రెండోసారి పిలిపించుకునేవాడు.

మెహరున్నీసా పెరట్లోకి వెళ్ళింది.

నీళ్ళ తొట్టి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిఖత్ కళ్ళు మూసుకొని కూర్చొని ఉంది. రెండు పాదాలూ రెండు పీటల మీద. మోకాళ్ళ మధ్య చపాతీ కర్ర నిలబెట్టి కుడిచేత్తో పట్టుకుంది. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. నేల మీదే మొత్తం విమానాన్ని మనసులో నడిపి చూసుకోవడం వాళ్ళ చదువులో భాగమట. పోయినసారి వచ్చినప్పుడు ఇది చూసి షాహీదాబీ మనమరాలికి ఏదో పట్టిందని భయపడి, నూరుల్లా సాబు దగ్గరికి తాయెత్తు కోసం ఆటో మాట్లాడింది. ఇప్పుడు ఇంట్లో అందరికీ అలవాటైంది.

కోపంగా వచ్చిన మెహరున్నీసా పిలవకుండా నిలబడిపోయింది. పోయినసారి కూతురు చపాతీ కర్ర ఒక్కటే తీసుకుంది. ఎడమచేత్తో బల్ల మీద స్టీలు గ్లాసును ముందుకు తోస్తూ, వెనక్కి లాగుతూ ఉండేది. ఈసారి గ్లాసు లేదు. ఎడమచెయ్యి కుర్చీ పక్కన కిందికి వేలాడుతోంది. ఆ చేతిలో ఉంది పప్పుగుత్తి. ముందుకూ వెనక్కీ కాదు, దాన్ని మెల్లగా పైకి లేపుతోంది, కొద్దిగా దించుతోంది. దానితోపాటే పాదాలు పీటల మీద కదులుతున్నాయి.

"నిఖత్."

పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "అమ్మా! అయిపోయింది, ఇచ్చేస్తాండా."

"పప్పుగుత్తి సంగతి తర్వాత. నువ్విప్పుడు నడిపేది జెట్టు కాదు కదా?"

నిఖత్ చపాతీ కర్రను ఒళ్ళోకి దించింది. "ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాల? పోయినతూరి నీ ఎడమచెయ్యి ముందుకు పోతాండె. ఇప్పుడు పైకి పోతాంది. రోజూ నువ్వు తినేది, పండుకునేది చూసిన దాన్ని, నీ చెయ్యి యాడికి పోతాందో చూడనా?"

నిఖత్ నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "హెలికాప్టరమ్మా. ఎడమచేత్తో లేపితేనే లేస్తుంది. మొదటి భాగం అయినాక మమ్మల్ని జెట్టు, సరుకుల ఇమానం, హెలికాప్టర్ అని మూడు దోవలుగా విడదీస్తారు. నేను హెలికాప్టర్ నేర్పే హకీంపేటకు పోయి శానా దినాలైంది."

"జెట్టు ఇవ్వలేదా?"

"ఇచ్చేవాళ్ళే. సారు గూడా దానికే పొమ్మన్నాడు. నేనే హెలికాప్టర్ కావాలని అడిగినా."

మెహరున్నీసా తొట్టి గట్టు మీద కూర్చుంది. "మీ నాయనకు?"

"ఎట్ల చెప్పాల్నో తెలీలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా 'జెట్టు రసూల్ మాట్లాడుతాండా' అంటాడు. వచ్చేనెల శిక్షణ ముగిసే పరేడు. మా భుజాలకు ఆఫీసరు పట్టీలు కన్నోళ్ళే తొడగాల. నాయన తొడగాలని నాకుంది. అబద్ధం మోసుకొని అక్కడ నిలబడలేనమ్మా. చెప్పాలనే వచ్చినా. రెండు దినాలైంది, నోరు రాలే."

"అన్నానికి ముందే చెప్పు. తిన్నాక చెప్తే అరగదు ఆయనకు."

*

నమాజు నుంచి వచ్చిన నబీ రసూల్ టోపీ కూడా తీయకుండా జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. ముఖమంతా వెలుగు. "రామ్మా నిఖత్, నీకోసం ఒకటి చేసినా."

ఎర్ర కాగితంలో వెండి జెట్ విమానం. బొటనవేలంత ఉంటుంది. రెక్కల కింద గీతలు కూడా చెక్కాడు. మెడలో వేసుకునేందుకు పైన కొండీ.

"బజార్లో అందరూ చూసినారు. అలీ అహ్మద్ సేటయితే అద్దం పెట్టి మరీ చూసినాడు. పరేడు దినం నీ మెళ్ళో ఏస్తా."

నిఖత్ దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసింది. తల్లి వైపు చూసింది. మెహరున్నీసా తల ఊపింది.

"నాయనా, నేను జెట్టు నడపడం లేదు. హెలికాప్టర్ నడుపుతాండా."

నబీ రసూల్ కూతురి ముఖం కేసి చూశాడు, ఆటపట్టిస్తోందేమోనని. "తగ్గించినారా నిన్ను? ఎవరా సారు?"

"ఎవరూ తగ్గించలే. నేనే అడిగినా."

"అడిగినావా! అడిగి మరీ నాయకుల బండి ఎక్కినావా?" అతని గొంతు పెరిగింది. "ఓట్లప్పుడు పులివెందుల్లో దిగుతాండ్లా, దుమ్ము లేపుకుంటా. అది నడిపేవాణ్ణి ఎవరన్నా చూస్తారా? దిగేవాని మెళ్ళో దండేస్తారు. నువ్వు డ్రైవర్ మాదిరి లోపల్నే కూసోవాల!"

"అవునే, ఆ ఫంకా బండి నాకు తెల్సు," షాహీదాబీకి ఉత్సాహం వచ్చింది. "మేము తొండూర్లో ఉన్నప్పుడు ఎవరో నాయకుడు మా పక్క చేన్లో దిగె. రెండు మూటల బొరుగులు మిద్దె మీద పోసి ఉంటి. ఒక్క గింజ మిగల్లే! పెండ్లిలో తలంబ్రాల మాదిరి వచ్చినోళ్ళందరి నెత్తిన పడె. ఆ నాయకుడు గూడా మీసంలోంచి తీసి తినె."

నిఖత్ పకపకా నవ్వి, తండ్రిని చూసి ఆపేసింది.

"అమ్మా, నువ్వు గమ్మునుండు." నబీ రసూల్ కూతురి వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళాయె నువ్వు ఆ బండి ఎక్కి?"

"శానా దినాలు, నాయనా."

"అన్ని దినాలూ నేను బజార్లో జెట్టు జెట్టు అని తిరిగినా. నువ్వు ఫోన్లో ఊ కొట్టినావు. నవ్వినోళ్ళ నోళ్ళు ఆ మాటతోనే మూయించినా. నాకే చెప్పకపోతివి." అతను కూతురి చేతిలోంచి వెండి జెట్టును తీసుకొని డబ్బీలో పెట్టి మూత నొక్కాడు. "పరేడుకు మీ అమ్మను తీసుకపో. పట్టీలు ఆమే తొడుగుతుంది. నేను రాను."

షాహీదాబీ చేతిలో బొరుగులు అలాగే ఉండిపోయాయి. నిఖత్ గోడ వైపు తిరిగి నిలబడింది.

మెహరున్నీసా వంటింట్లోకి వెళ్ళింది. కంచాలు తెస్తుందనుకున్నారు. చపాతీ కర్ర, పప్పుగుత్తి, రెండు పీటలు తెచ్చింది. కుర్చీ లాగి భర్త ముందు పెట్టింది.

"కూసో."

"ఏంది ఇది?"

"నాయకుల బండి. నీ కూతురు చెప్పినట్టు చేసి గాల్లో నిలబెట్టు. అది సులువైతే పరేడుకు రావద్దు. నేను గూడా అడగను."

"నాకు ఆకలైతాంది."

"పప్పు ఇంకా ఎనపలే. గుత్తి నీ చేతికిస్తాండా కదా. కూసో!"

ఆమె అలా అన్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ నిలబడి ఉండరు. నబీ రసూల్ కూర్చున్నాడు. నిఖత్ కళ్ళు తుడుచుకొని పక్కన మోకాళ్ళ మీద కూలబడి, అతని చేతుల్లో రెండూ పెట్టింది.

"ఎడమచెయ్యి లేపితే బండి లేస్తుంది. లేవగానే ముక్కు పక్కకు తిరుగుతుంది, కాలుతో ఒత్తి ఆపాల. కాలు ఒత్తితే పక్కకు జారుతుంది, కుడిచెయ్యి సర్దాల. కుడిచెయ్యి సర్దితే కిందికి దిగుతుంది, మళ్ళీ ఎడమచెయ్యి. ఆపేది లేదు. లేపు నాయనా!"

అతను పప్పుగుత్తి లేపాడు. చపాతీ కర్ర కూడా లేచింది. కాళ్ళు రెండూ పీటల మీద కొయ్యల్లా ఉన్నాయి.

"పడిపోయినాం. పక్కింటి వనజమ్మోళ్ళ మిద్దె మీద."

"ఆయమ్మ వడియాలు పెట్టింది ఈ పొద్దు," అంది షాహీదాబీ.

మళ్ళీ లేపాడు. ఈసారి కాళ్ళు గుర్తొచ్చాయి కానీ చేతులు మర్చిపోయాడు. "ఆర్టీసీ బస్టాండులో పడినాం." మళ్ళీ. "ఊరు దాటి జమ్మలమడుగు పోతాండాం నాయనా, ఆపు, ఆపు!" నిఖత్ అరుస్తోంది. షాహీదాబీ కడుపు పట్టుకొని నవ్వుతోంది. నబీ రసూల్ నుదుట చెమట. పంతం వచ్చేసింది అతనికి. పీటలు సరిచేసుకున్నాడు.

"అట్ల పిడికిలి బిగిస్తే నిలబడదు," అంది నిఖత్ మెల్లగా.

అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కుడిచేతి పిడికిలి వదిలేసి, చపాతీ కర్రను మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. భుజాలు దిగాయి. ఊపిరి సన్నగా, పొడుగ్గా వదలసాగాడు. మెహరున్నీసాకు ఆ ఊపిరి తెలుసు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకొని, మంట కొసను అతుకు మీదికి పంపేటప్పుడు వదిలే ఊపిరి అది. ఒక చెయ్యి లేస్తోంది, ఒక చెయ్యి సర్దుతోంది, పాదాలు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

"నిలబడింది," అంది నిఖత్. "నాయనా, నిలబడింది."

షాహీదాబీ నవ్వు ఆపి ముందుకు వంగింది.

"నీకు ఎన్ని దినాలకు నిలబడె?" కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"శానా దినాలు పట్టె. మొదట్లో మైదానమంతా తిరుగుతాండె. సారు చెయ్యి వదులు చెయ్యమనేవాడు. ఎట్ల వదలాల్నో తెలీలే. ఒకరోజు నువ్వు గుర్తొచ్చినావు. పట్టకారు పట్టుకుంటావే, జారిపోకుండా, నలిగిపోకుండా. అట్ల పట్టుకున్నా. కింద గడ్డి ఊగుతాంది, నేను మాత్రం గాల్లో కదలకుండా ఉండా. జెట్టు ఎంత దూరమైనా పోతుంది నాయనా, అట్ల ఆగలేదు. నాకు అట్ల ఆగేది ఇష్టం. దోవ లేనిచోట దిగేది ఇష్టం. ఆ పొద్దే నీకు ఫోన్ చేయాలనుకుంటి."

నబీ రసూల్ కళ్ళు తెరిచాడు. తడిగా ఉన్నాయి. "చేసింటే బాగుండె," అన్నాడు.

"అవును నాయనా. తప్పు నాదే."

అతను కూతురి కుడిచెయ్యి తీసుకొని తిప్పి చూశాడు. బొటనవేలి పక్కన గట్టిపడిన చర్మాన్ని వేలితో తడిమాడు.

మెహరున్నీసా పప్పుగుత్తి అందుకొని కడిగి వంటింట్లోకి వెళ్ళింది. పప్పు ఎనిపిన చప్పుడు వినపడేసరికి అందరూ కంచాల ముందు చేరారు. సంగటి ముద్దలు, పప్పు, కోడి పులుసు. నబీ రసూల్ ముద్దలో గుంట చేసి పప్పు పోసుకున్నాడు. తినలేదు. గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండి. వచ్చేనెల పరేడుకు ముగ్గురం పోతాండాం. పట్టీలు ఒక భుజానికి నేను, ఒక భుజానికి మీ అమ్మ తొడుగుతాం. బజార్లో నేనే చెప్తా, నా కూతురు హెలికాప్టర్ పైలట్ అని."

"జెట్టు రసూల్ పేరు పోతుందేమో?" అంది మెహరున్నీసా, వడ్డిస్తూనే.

"పోనీ. ఫంకా రసూల్ అంటారు, అననీ. ఆ వెండి దానికి రేపే రెక్కలు కోసేస్తా. పైన ఫంకా పెడతా, తిరిగేటట్టు."

"నేనొస్తా కానీ, ఆ బండి దగ్గర బొరుగులు తినను," అంది షాహీదాబీ.

నిఖత్ నోట్లో ముద్ద పెట్టుకొని నవ్వలేక, ఏడవలేక తలవంచుకుంది. నబీ రసూల్ అప్పుడు మొదటి ముద్ద తిన్నాడు. పప్పు మెత్తగా, ఒక్క పలుకు లేకుండా ఉంది. భార్య వైపు చూసి తల ఊపాడు.

మెహరున్నీసా లేచి వెళ్ళి, కడిగి ఆరబెట్టిన పప్పుగుత్తిని పాత తువ్వాలలో చుట్టి, కూతురి సంచీలో పైనే పెట్టింది.

"నాకు రేపు ఒకటి కొనుక్కురా," అంది భర్తతో. "దాని పిడి నాకు సరిపోవాల. చూసి తీసుకో."