కాన్వాసు మీద జిగురు

కర్నూలు, 1955 మే. ప్రభుత్వం గుడారాల్లో నడుస్తున్న రోజులు.

"ఎండలు ఎట్లుండాయప్పా?" గుడారం ముందు సోడా తాగుతున్న మనిషి అడిగాడు.

"కోసిగిలో కాకులు కూడా వలస పోయినాయి," అన్నాడు ఏజెంట్ గిడ్డయ్య.

కోడ్ సరిపోయింది. సోడా తాగుతున్న చీఫ్ నరసింహ గొంతు తగ్గించాడు.

"ఆనకట్ట ప్లాన్ల మైక్రోఫిల్మ్ విదేశీ ముఠాకు చిక్కింది. మీ చిత్రశాల పటాలు ఇంకాసేపట్లో రైలెక్కి కొలంబో ఎగ్జిబిషన్‌కు పోతాండాయి. ఫిల్మ్ వాటిల్లోనే యాడనో ఉండాది."

"పెట్టిందెవరు?"

"చిత్రశాలలో నీ జోడీ కృష్ణవేణి. మనకూ పనిచేస్తాంది, వాళ్లకూ చేస్తాంది. పొద్దున్నే ఊరు దాటింది."

చిత్రశాలలో గిడ్డయ్యది లేబుళ్ల నిపుణుడి వేషం. మద్రాసులో నేర్పి పంపారు. మొదటి పాఠం: లేబుల్ కాన్వాసుకు అంటించకూడదు, దారంతో చట్రానికి కట్టాలి. జిగురు తడికి గుడ్డ ముడుచుకుంటుంది. ఆ ముడత బొమ్మ ముందువైపు తేలుతుంది. ఒక్కసారి తప్ప గిడ్డయ్య ఆ పాఠం తప్పలేదు.

మొన్న కృష్ణవేణి నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని ఒక లేబుల్ అందించింది. "దారం అయిపోయింది. అంటించెయ్. నీ చెయ్యి మంచిది," అంది. పటాలన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. ఏ పటమో అతను చూడలేదు. ఆమెను చూశాడు. లేబుల్ మందంగా ఉందని కూడా గమనించలేదు.

స్టేషన్‌కు పరిగెత్తాడు. రైలు పార్సిల్ పెట్టెలో చీకటి. పటాల వెనక అట్టలు పెట్టి మేకులు కొట్టేశారు. ఇక ముందువైపే చూడాలి. ఒక్కో పటం మీద కప్పిన గుడ్డ ఎత్తి, పెన్నులో దాచిన టార్చి పక్కనుంచి వేశాడు. ఒక ముసలమ్మ చెంప మీద నలుచదరంగా ముడత తేలి ఉంది.

రైలు కూత వేసింది. "పటం వదులు!" వెనక నుంచి దొర గొంతు. చేతిలో పిస్తోలు. ఎగ్జిబిషన్ తరఫున పటాల వెంట వచ్చినవాడు, అసలు ముఠా మనిషి. గిడ్డయ్య టార్చి అతని కళ్లల్లో కొట్టి, పటంతో సహా కదిలే రైల్లోంచి దూకాడు. గుండు చెవి పక్కనుంచి పోయింది.

ప్లాట్‌ఫారం మీద అట్ట ఊడదీసి లేబుల్ పీకాడు. రెండు కాగితాల మధ్య ఫిల్మ్. పీకిన చోట ముసలమ్మ చెంప రంగు పెచ్చులుగా రాలింది.

వెనకే వచ్చిన చీఫ్ భుజం తట్టాడు. "ముడత తేలితే గుర్తుంటాదనే అంటించినావా? శానా తెలివప్పా నీది!"

"అవును," అన్నాడు గిడ్డయ్య. ఆ మాట అన్నాక చీఫ్ ముఖం చూడలేకపోయాడు.

వారం తిరక్కుండా ఆ పటం దానమిచ్చిన సిద్దమ్మ రాజంపేట నుంచి వచ్చింది. పటం ముందు నిలబడింది.

"ఎవురప్పా చేసింది?"

క్యూరేటర్ గిడ్డయ్యను చూపించాడు. ఫిల్మ్ సంగతి చెప్పే అధికారం గిడ్డయ్యకు లేదు.

"బతికినన్నాళ్లూ మా అత్త చెంప ముట్టిన మొగోడు లేడు," అంది సిద్దమ్మ. "సచ్చినాక నువ్వొకడివి దొరికినావు."

గిడ్డయ్య తల వంచుకున్నాడు. అతను ఆనకట్టను కాపాడిన సంగతి ఢిల్లీలో రహస్యంగానే ఉండిపోయింది. చెంప సంగతి మాత్రం సాయంత్రం బస్సుకు రాజంపేట చేరింది.