వినబడిన వాసన

జనవరి నెలలో అమెరికా ఉత్తరాన ఉన్న డులూత్ ఊళ్లో సాయంత్రం పూర్తిగా రాకముందే చీకటి పడిపోతుంది. ఆ రోజు మంచు కూడా విడవకుండా కురుస్తుండటంతో విశ్వవిద్యాలయం మధ్యాహ్నానికే సగం ఖాళీ అయింది. నేలమాళిగలోని ఎలుకల ప్రయోగశాలలో మాత్రం ఇద్దరు మిగిలారు. ఒకరు హెల్మి. ఇంకొకరు ఆమె స్నేహితురాలు జోడీ.

"రావే తల్లీ, పోదాం" అంది జోడీ కోటు తొడుక్కుంటూ. "రోడ్లు మూసేశారంటే ఈ ఎలుకలతో కూర్చుని గింజలు నమలాల్సిందే."

"నువ్వు పద. నాకింకో ప్రయోగం ఉంది."

"నీకేంలే, గింజలు పెట్టినా కేకు పెట్టినా ఒకటే."

హెల్మి నవ్వింది. వాసనా రుచీ మెదడుకి ఎలా తెలుస్తాయో తేల్చే చోట ముక్కు పనిచేయని మనిషి తనొక్కతే. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం వాసనని తీసుకుపోయింది, వెనకాలే రుచినీ తీసుకుపోయింది. తీపీ పులుపూ ఉప్పూ చేదూ నాలుకకి అందుతాయి. మిగతా రుచంతా ముక్కు పెట్టే భిక్షేనని పాఠం చెప్పే మనిషికి, కాఫీ వేడి చేదునీళ్లయింది, వేయించిన చేప ఉప్పద్దిన దూది అయింది. అందరూ అయ్యో పాపం అంటుంటే ఒళ్లు మండేది కానీ, జోడీ ఎగతాళి మాత్రం ఎప్పుడూ తప్పుగా తోచలేదు.

జోడీ వెళ్లాక హెల్మి తలుపు వేసి, సంచి అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ పొట్లం తీసింది. అందులో ఒక గళ్ల చొక్కా ఉంది.

అది ఆస్కర్‌ది. జ్వరం వచ్చిన నెలలోనే ఆమె భర్త ఆస్కర్ గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకని వెళ్లాడు. మంచు విరిగింది. మనిషి దొరకలేదు. ముందురోజు విప్పి తలుపు వెనక తగిలించిన చొక్కా మాత్రం మిగిలింది. హెల్మి దాన్ని గాలి చొరబడని పొట్లంలో పెట్టి బిగించేసింది. ముక్కు వచ్చాక విప్పుదాంలే అనుకుంది. విప్పిన ప్రతిసారీ వాసన కొంత పోతుంది. ఎప్పటికీ తిరిగి రాదు. అందుకే ఇంతకాలం ముట్టుకోలేదు. పోయిన వారం డాక్టరు, ఇంక ఆశ పెట్టుకోవద్దమ్మా అని మెల్లగా చెప్పాడు. ఆమె కార్లో కూర్చుని అద్దాలు మసకబారేదాకా ఏడ్చింది. ఆ ఏడుపులోనే ఈ ఆలోచన పుట్టింది. తనకి ముక్కు లేదు. ఎలుకకి ఉంది కదా.

మగవాళ్ల ఒంటి వాసన తగిలితే చిట్టెలుకలు బెదిరిపోతాయి. అందుకని ప్రయోగం ఉన్న రోజు మగపిల్లలెవరూ ఆ గది గడప తొక్కకూడదు. ఎవరైనా మగవాడి చొక్కా తెచ్చుంటే, వాళ్లని హెల్మి ఉతికి ఆరేసేది. ఇవాళ తనే తెచ్చింది.

గదిలో ఎర్రదీపం ఒక్కటే వెలుగుతోంది. చిట్టెలుక చిన్న చక్రం మీద నిలబడి ఉంది. తల కదలకుండా బిగింపు, మెదడులోకి వెంట్రుకంత సన్నవి రెండు తీగలు. ఒకటి వాసన పట్టే చోట, ఒకటి రుచి తెలిసే చోట. ఒక్కో తీగకి ఒక్కో స్పీకరు. ఈ పని చేసేవాళ్లు తెర మీద గీతలు చూడటం కన్నా చెవినే నమ్ముతారు. మెదడులో కణం పలికినప్పుడల్లా స్పీకర్లో చిటుక్కుమంటుంది. ఎలుక ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఎడమ స్పీకరు చిటపటలాడుతుంది. తీపినీళ్ల చుక్క నాలుకని తాకితే కుడిది. అరటిపండు వాసన వెంటే చుక్క వస్తుందని ఎలుక నేర్చుకున్నాక, చుక్క పడకముందే కుడిది మొదలైపోతుంది. మనకి నోట్లో నీళ్లూరినట్టే.

హెల్మి పొట్లం విప్పింది. కాలరు చివర వేలెడు గుడ్డ కత్తిరించి సీసాలో వేసి, పొట్లం గబుక్కున మూసేసి అల్మరాలో పెట్టింది. సీసాలోంచి గాలి ఎలుక ముక్కు దగ్గరికి పోయేలా గొట్టం తిప్పింది.

ఎడమ స్పీకరు పలికింది.

గుప్పెడు గింజలు రేకు మీద పోసినట్టు... ఆగి, మళ్లీ. అరటిపండు ఇలా పలకదు. పైన్ చెట్టు చెక్కా ఇలా పలకదు. ఇన్నేళ్లలో ఆమె ఎన్ని వాసనలు విందో లెక్కలేదు. ఇది మాత్రం ఎప్పుడూ వినలేదు. ఇది ఆస్కర్. ఆమె స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. చేతికింద అది సన్నగా వణుకుతోంది. ఎంత సంతోషమేసిందంటే, కళ్ల నీళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

చాలు, ఎలుక బెదురుతుంది అనుకుని గొట్టం కట్టేసింది.

చిటపట ఆగలేదు.

మామూలుగా నాలుగు ఊపిర్లలో సద్దుమణుగుతుంది. హెల్మి సీసా తీసి మూత బిగించింది. శుభ్రమైన గాలి వదిలింది. తీగలు సరిచూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చప్పుడు అలాగే ఉంది.

కాదు, అలాగే లేదు. నెమ్మదించింది.

చిట్టెలుక ఊపిరి వానచినుకుల్లా టకటకమని పడుతుంది. ఇది అలా లేదు. ఒక నిండు దమ్ము... విరామం... మళ్లీ నిండు దమ్ము. పక్కమీద ఎవరో భారీ మనిషి పడుకుని గాలి పీలుస్తున్నట్టు. హెల్మి వంగి ఎలుకని చూసింది. దాని డొక్కలు కదలడం లేదు. ఊపిరి బిగబట్టి, కళ్లు బైటికొచ్చేలా తలుపు వైపు చూస్తోంది.

స్పీకర్లో మాత్రం ఎవరో గాలి పీలుస్తూనే ఉన్నారు.

తన ఊపిరే ఎక్కడో తగులుతోందేమోనని హెల్మి నోరూ ముక్కూ మూసుకుంది. చప్పుడు ఆగలేదు. పీల్చడం... విరామం... పీల్చడం.

"ఆస్కర్?" అంది గుసగుసగా.

ఆగింది.

గది అంతా చెవులు రిక్కించినట్టయింది. తర్వాత మళ్లీ మొదలైంది. ఈసారి పొట్టిగా, తొందరగా. దారి తప్పిన కుక్క నేల మీద మూతి పెట్టి వెతికినట్టు... ఆగకుండా.

హెల్మి తలుపు వైపు ఒక అడుగు వేసింది. చప్పుడు పెరిగింది. వెనక్కి జరిగింది. తగ్గింది. ఇంకోసారి ముందుకి. ఇంకోసారి వెనక్కి. అప్పుడు అర్థమైంది. ఆ స్పీకర్లో పలుకుతున్నది ఆస్కర్ వాసన కాదు. తన వాసన. పీలుస్తున్నది ఎలుకా కాదు. పీల్చేదేదో తలుపవతల ఉంది.

భయం వేసింది, నిజమే. కానీ దానికంటే ముందు గుండెలో ఆశ ఎగసిపడింది. బైటి నుంచి వచ్చాక ఆస్కర్ ముందు చేసే పని, ఆమె చెవి వెనక ముక్కు ఆనించి దీర్ఘంగా గాలి పీల్చడం. ఇంటికొచ్చేశా అనేవాడు. రెండేళ్లుగా తను అతని వాసన కోసం అల్లాడుతుంటే, తన వాసన కోసం అతను అల్లాడడా? ఆమె వెళ్లి తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"వచ్చావా?"

తలుపు కింద సందులోంచి నడవాలోని దీపం వెలుతురు గీతలా పడుతోంది. ఎక్కడా తెగలేదు. అవతల కాళ్ల నీడ లేదు.

"ఒక్క మాట మాట్లాడు. తీస్తాను" అంది.

అప్పుడు కుడి స్పీకరు పలికింది.

హెల్మి నిలువునా బిగుసుకుపోయింది. గొట్టంలో తీపినీళ్లు లేవు. ఎలుక నాలుక మీద ఏదీ పడలేదు. అయినా ఆ స్పీకరు చిటపటమంటోంది, అంతకంతకీ చిక్కగా. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. అది తినేటప్పటిది కాదు. తినబోయే ముందుది.

చెయ్యి దానంతటదే పిడి మీంచి జారిపోయింది.

"నువ్వు ఆస్కర్‌వి కాదు" అంది. పెదాలు కదిలాయో లేదో ఆమెకే తెలియదు.

ఎడమ స్పీకరు ఒక్కసారి గాలి పీల్చింది. పీల్చింది... ఇంకా పీల్చింది... ఏ మనిషి ఛాతీలోనూ అంత గాలి పట్టదు. ఆమె మెడ మీద వెంట్రుకల్ని తలుపు వైపు లాగినట్టయింది. అల్మరాలో పొట్లం కరకరలాడింది.

తర్వాత రెండు స్పీకర్లూ మూగబోయాయి. ఎలుక ఎగశ్వాస తీసుకుని చక్రం మీద పిచ్చిగా పరుగు అందుకుంది.

తలుపు పిడి కదిలింది. హెల్మి గోడకి అంటుకుపోయింది. తలుపు తెరుచుకుని, భుజాల నిండా మంచుతో జోడీ లోపలికొచ్చింది.

"నా నోటి మాట ఊరికే పోతుందా, రోడ్లు నిజంగానే మూసేశారు..." అంటూ ఆగిపోయింది. "ఏమైందే? ముఖం అలా పాలిపోయిందేంటి?"

"నడవాలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు? చీమ కూడా లేదు." జోడీ దగ్గరికొచ్చి ఆమెని కావలించుకుంది.

ఆ కౌగిలిలో హెల్మి ఊపిరి పీల్చింది. ఏదో ఘాటుగా తగిలింది. తడిసిన ఉన్ని. జోడీ నోట్లో కాఫీ. రంపపు పొట్టు, ఎలుకల మూత్రం, ఫినాయిలు. ఒకదాన్ని తోసుకుంటూ ఒకటి, సంతలో జనంలా లోపలికి వచ్చిపడ్డాయి.

"జోడీ... వాసన వస్తోందే. అన్నీ వస్తున్నాయి."

"ఏంటీ? నిజంగానా?"

హెల్మి అప్పటికే అల్మరా దగ్గరుంది. ఆగి ఆలోచించలేదు. పొట్లం చింపి, చొక్కాలో ముఖం దాచుకుని గుండెల నిండా పీల్చింది.

ఏమీ లేదు.

చంక దగ్గర చూసింది. కాలరు దగ్గర చూసింది. తిరగేసి చూసింది. చెమట లేదు, సబ్బు లేదు, బట్టకుండే బట్ట వాసన కూడా లేదు. సీసాలోని గుడ్డముక్కా అంతే. రెండేళ్లు ఊపిరిలా దాచుకున్నది ఒక్క దమ్ములో పోయింది. ఆమె నేల మీద కూలబడి, చొక్కా నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది.

"ఇటివ్వు" అని జోడీ తీసుకుని వాసన చూసింది. "కొత్త చొక్కాకైనా ఏదో ఒక వాసన ఉంటుందే" అంది అయోమయంగా. ఓదార్చడానికి వంగి హెల్మి జుట్టుకి ముఖం ఆనించింది. ఆనించి, ఒక్కసారి గాలి పీల్చి, చేతిలోని చొక్కా వైపు చూసి, వెనక్కి జరిగింది.

"ఏంటే?"

"ఏం లేదు" అంది జోడీ, కళ్లు తిప్పుకుని.

కాసేపటికి హెల్మి లేచి చిట్టెలుకని దాని గూటికి తీసుకెళ్లింది. మామూలుగా మూత తీస్తే మిగతావన్నీ మూల నక్కి, ముక్కులెగరేసి, వచ్చింది ఎవరో తేల్చుకుని గానీ కదిలేవి కావు. ఇప్పుడు ఒక్కటీ తలెత్తలేదు. ఆమె అరచెయ్యి పొట్టు మీద ఆనించి ఉంచింది. ఒక ఎలుక చెక్కముక్క మీదుగా నడిచినట్టు ఆమె వేళ్ల మీదుగా నడిచి అవతలికి పోయింది. దాని వెనక ఇంకోటి.

అవి ఎప్పుడు పసిగడతాయా అని, హెల్మి చెయ్యి తీయకుండా చూస్తూ నిలబడింది.