హెట్టీ అర నిమిషం

మా థార్న్‌లీ ఊళ్లో సంగీతం పరీక్ష తప్పినవాళ్లు నేటిదాకా ఒక్కరూ లేరు. మా పిల్లలు కార్నెట్ బూర ఊదితే కొండమీది గొర్రెలు వరస కట్టి నిలబడి వింటాయి.

అలాంటి ఊరి పిల్ల హెట్టీ. పదేళ్లది. ఆ మంగళవారం మధ్యాహ్నం మూడో గ్రేడ్ పరీక్ష గదిలో బూర పట్టుకుని నిలబడింది. ఈ గ్రేడ్ గట్టెక్కితేనే ఊరి బ్యాండులో చోటు. పెంతెకొస్తు చర్చి పండుగ ఊరేగింపులో బ్యాండువాళ్ల ఆకుపచ్చ కోటు.

నేర్చుకున్న మూడు పాటలూ బాగానే ఊదింది. పాటలకు తోడుగా పియానో వాయించిన, బూర నేర్పే సట్‌క్లిఫ్ మాస్టారు, అక్కడితో తన పని అయిపోయింది కాబట్టి బయటికి వెళ్లిపోయారు.

పరీక్ష పెట్టే ఆవిడ కొత్త కాగితం ముందు పెట్టింది. "ఇది నువ్వు ఎప్పుడూ చూడని పాట. అర నిమిషం టైముంది. ఈలోపు ఊది చూసుకోవచ్చమ్మా."

"అక్కర్లేదండీ," అంది హెట్టీ. వెంటనే మొదలుపెట్టేసింది.

రెండో వరసలో స్వరం జారింది. మూడో వరసలో తను ఎక్కడుందో తనకే తెలియలేదు.

గట్టెక్కాలంటే నూటయాభైకి నూరు మార్కులు రావాలి. తొంభై ఏడు వచ్చాయి.

పరీక్ష తప్పినవాళ్లు లేరన్నానా? ఇదిగో, హెట్టీ తప్పింది. ఆ మాటకొస్తే నేనూ తప్పాను, రెండుసార్లు.

"బ్యాండు వెనకాల శాండ్‌విచ్‌ల బుట్ట మొయ్యడానికి మనిషి కావాలట," అన్నాడు బ్యాండులో డప్పు వాయించే హెట్టీ అన్న విల్ఫ్. "నీకా ఉద్యోగం ఖాయమే."

"ఆ బుట్ట నీ నెత్తిన బోర్లిస్తా," అంది హెట్టీ.

మాస్టారు మాత్రం ఒక్కటే అడిగారు. "తలుపు బయట గడియారం చూస్తూ నిలబడ్డానే. మూడు సెకన్లకే ఊదేశావు. ఎందుకు?"

"ముందే ఊది చూసుకుంటే రానివాళ్లలా ఉంటుంది. నాకు ముష్టి అక్కర్లేదు."

"ముష్టి ఏమిటే? ఆ అర నిమిషం నీది. చేతిలో గొడుగు పెట్టుకుని, విప్పితే పరువు పోతుందని తడిసేవాళ్లని ఏమంటారు?"

హెట్టీ మూతి ముడుచుకుంది. కానీ ఆ రోజు నుంచి రోజుకో తెలియని పాట తీసి, వంటింటి గడియారం ముందు కూర్చుంది.

మళ్లీ పరీక్ష వచ్చింది. ఈసారి పెట్టేది ఒక పెద్దాయన. అప్పటికే ఆయన టీ చల్లారిపోతోంది. హెట్టీ తెలియని పాట కాగితం పైనుంచి కిందిదాకా చూసింది. మూడో వరసలో ముళ్లకంపలా ఉన్న చోటు పట్టుకుని, మెల్లగా ఊది చూసింది. తప్పు పడింది. మళ్లీ ఊదింది.

"మొదలుపెడదామా?" అన్నాడాయన.

హెట్టీ బూర దించింది. "ఇంకా నా అర నిమిషం అవలేదండీ."

ఆయన గడియారం చూసుకున్నాడు. "నిజమే. పది సెకన్లుంది."

ఆ పది సెకన్లూ హెట్టీ ఆ ముళ్లకంపనే ఊదింది. తర్వాత బూర ఎత్తి, "ఇప్పుడు," అంది.

పెంతెకొస్తు ఊరేగింపులో ఆకుపచ్చ కోటు చేతులు హెట్టీ వేళ్లదాకా వచ్చాయి. వెక్కిరించినందుకు శాండ్‌విచ్‌ల బుట్ట విల్ఫే మోశాడు, డప్పుతో పాటు.

గొర్రెల సంగతి నేను కల్పించిందే. అవి వినలేదు, పారిపోయాయి. ఆ పది సెకన్లు మాత్రం నిజం.