నిలవ ఓటు

కోనారి సింహాచలం పెట్టెలోంచి, నిద్రలేచినట్టు దగ్గాడు. మనిషి పోయి ఆరేళ్ళయింది. ఆ దగ్గునెందుకు దాచారో ఓటు పెట్టెల గుమాస్తా పోలినాయుడికి ఎప్పుడూ అర్థం కాలేదు.

"పేరు?"

"సింహాచలం."

"ఇల్లు?"

"రేవువీధి. రాయిమెట్ల పక్కది."

"ఓటెవరికి?"

"భానోజీరావుకి. ఎన్నిసార్లడుగుతావు?"

పోలినాయుడు మీట నొక్కాడు. దీపం పచ్చగా వెలిగింది. సింహాచలం కొడుకు పెట్టె మీద చెయ్యి ఆనించి, ఇంకొక్క మాట వినపడుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు. వినపడలేదు. వెళ్ళిపోయాడు.

సముద్రం రేవువీధి మీదికి వచ్చాక వార్డులో జనం పలచబడ్డారు. ఓటర్లు తగ్గితే వార్డును పక్కదాంట్లో కలిపేస్తారు. అందుకని పోయినవాళ్ళ ఓటును పదేళ్ళు ఇంటి మీదే ఉంచారు. ఏటా రేషన్ కార్డు సరిచూసేటప్పుడు తీసిపెట్టిన గొంతూ, అలవాట్లూ, ఇష్టాయిష్టాలూ పెట్టెలో ఉంటాయి. ఎన్నికల నాడు లేపుతారు. ఇంటివాళ్ళు ఒకరు పక్కన కూర్చోవచ్చు, రాకపోయినా ఓటు పడుతుంది. జనం వాళ్ళని నిలవోళ్ళంటారు, ఊరగాయని అన్నట్టు.

నిషేధం ఒక్కటే. పోయారన్న సంగతి వాళ్ళకి చెప్పకూడదు. చెబితే గొంతు పాలలా విరిగిపోతుందని శిక్షణలో చెప్పారు. విరిగినదాన్ని చెరిపెయ్యాలి.

పోయిన ఎన్నికల్లో భానోజీరావుని బతికున్నవాళ్ళు ఓడించారు, నిలవోళ్ళు గెలిపించారు. చచ్చినవాడు మనసు మార్చుకోడు. ఆ నమ్మకంతోనే ఈసారి ఆయన రేవువీధిలో ప్రచారానికి కూడా రాలేదు.

"తర్వాతది మీ ఇల్లే, పోలినాయుడు గారూ," అంది ప్రిసైడింగ్ అధికారి శ్రీలలిత. "మీట నేను చూస్తాను. మీరు ఇటొచ్చి కూర్చోండి."

అతను లేచి బల్లకి అవతలి వైపు వెళ్ళాడు. బడిపిల్లల బెంచీ. మోకాళ్ళు పట్టలేదు.

గోడవార కూర్చున్న తాతారావు నవ్వాడు. భానోజీరావు ఏజెంటు. "నాయుడన్నా, మీ ఇంట్లో నీ ఓటు ఎటు పోయినా మాకు బెంగ లేదు. వదిన మాట తప్పదు."

"నోరు ముయ్యరా తాతారావూ," అంది వరసలో ముందున్న అప్పలనరసమ్మ. మొగుడి గొంతు వినడానికి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. "ఆడి పెళ్ళాంతో ఆడు మాటాడుకుంటాడు. నీకేటి మధ్యలో?"

నాలుగేళ్ళ కిందట భానోజీరావు ఊరేగింపు బండి వెళ్ళడానికి వీధిలో నిలిచిన నీళ్ళు దిగాలని కాలవ మూతలు తీయించారు. బండి వెళ్ళిపోయింది. మూతలు మళ్ళీ వెయ్యలేదు, ఎర్రగుడ్డయినా కట్టలేదు. సాయంత్రం వానలో పోలినాయుడి భార్య నూకరత్నం పాలపేకెట్టుకని వెళ్ళింది. విచారణలో కాలు జారిందని రాశారు. భానోజీరావు పెద్ద దండ పంపాడు. పోలినాయుడు దాన్ని ఆ కాలవలోనే పడేశాడు.

ఆమె పెట్టెని నాలుగేళ్ళుగా అరలో చూస్తూనే ఉన్నాడు. దుమ్ము తుడిచేవాడు. ఈసారొకటి, వచ్చే ఎన్నికలకొకటి. చట్టప్రకారం రెండుసార్లు వినొచ్చు. నోరు మూసుకుంటే చాలు.

శ్రీలలిత లేపింది.

"పేరు?"

"నూకరత్నం."

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇల్లు?"

"రేవువీధి. కొళాయి ఎదురుగా. మావా, నువ్వున్నావా అక్కడ?"

"ఉన్నాను."

"ఏటి, గొంతలాగుంది? మజ్జిగ తాగి పడుకున్నావా మళ్ళీ?"

తాతారావు పకపకా నవ్వాడు.

"ఓటెవరికి?" అంది శ్రీలలిత.

"భానోజీరావు గారికి. కొళాయేయించినోడికి కాక ఎవరికేస్తాను? బిందె మోసింది నేనా, మీరా?"

శ్రీలలిత వేలు మీట మీదికి వెళ్ళింది.

"రత్నం," అన్నాడు పోలినాయుడు. "నువ్వు లేవు."

శ్రీలలిత వేలు మీట మీదే ఆగింది.

"మేడమ్!" తాతారావు లేచాడు. "చెరిపెయ్యండి! రూలు!"

"నువ్వు పోయి నాలుగేళ్ళయింది," అన్నాడు పోలినాయుడు. "మన వీధి కాలవలో. భానోజీరావు బండి కోసం మూతలు తీశారు. మళ్ళీ వెయ్యలేదు."

దీపం పచ్చనా కాలేదు, ఎర్రనా కాలేదు. ఆ గొంతు ఇప్పుడు విరుగుతుందని శ్రీలలిత ఎదురుచూసింది. శిక్షణలో వినిపించారు ఆ చప్పుడు, ఇసక నమిలినట్టుంటుంది.

"వాన్లోనా?" అంది నూకరత్నం.

"వాన్లోనే."

"నన్నెవరు తీశారు?"

"నేనే."

"నీకు ఈత రాదు కదా."

"రాదు."

"మరి దిగావా?"

"దిగాను."

గొంతు విరగలేదు. ఆలోచిస్తోంది. ఏ శిక్షణలోనూ చెప్పని సంగతి అది.

"ఆడు ఇంటికొచ్చాడా? భానోజీరావు?"

"దండ పంపాడు."

"దండా!" అంది. ఎప్పుడూ సంతలో బేరగాళ్ళ మీద అరిచే గొంతే. "మేడమ్ గారూ, నా ఓటు ఆడికి ఎయ్యకండి. ఆగండి, ఎవరెవరున్నారో చదవండి, నేను..."

"ఇది చెల్లదు!" తాతారావు బల్ల గుద్దాడు. "పోయిందని తెలిసిన గొంతు ఓటరు కాదు! రాసుంది! చెరపకపోతే మీ ఉద్యోగం పోతుంది మేడమ్!"

శ్రీలలిత పోలినాయుడి వైపు చూసింది. అతను వద్దనలేదు. అనే హక్కు తనకి మిగల్లేదని అతనికి తెలుసు.

"మావా," అంది నూకరత్నం, "ఇన్నేళ్ళూ నువ్వు అన్నం ఎక్కడ..."

శ్రీలలిత చెరిపే మీట నొక్కింది.

దీపం ఆరిపోయింది. పోలినాయుడు లేవలేదు. లేస్తే పెట్టె వట్టి పెట్టె అయిపోతుందన్నట్టు కూర్చున్నాడు. తాతారావు ఫోను చెవిన పెట్టుకుని వసారాలోకి పరిగెత్తాడు. "విరగట్లేదండీ," అంటున్నాడు. "వినండి సార్, వాళ్ళు విరగట్లేదు."

అప్పలనరసమ్మ వచ్చి పోలినాయుడి భుజం మీద తట్టింది.

"లే నాయుడూ. నా వంతు."

"వినేసి వెళ్ళిపో నరసమ్మా. నాలాగా చెయ్యకు. ఇంకేం మిగలదు."

"నా మొగుడు పోయింది కామెర్లతోనని సెప్పారు," అంది ఆమె, కూర్చుంటూ. "ఆ కొళాయి నీళ్ళు తాగే వచ్చాయి కామెర్లు. ఆడికి తెలీదు. ఆ నీళ్ళనే మెచ్చుకుంటా ఓటేస్తన్నాడు."

ఆమె వెనక వరస కదిలింది. ఎవరూ బయటికి పోలేదు, ముందుకే జరిగారు.

శ్రీలలిత అడగవలసిన మొదటి ప్రశ్న అడగలేదు. పెట్టె మాత్రం లేపింది.

అప్పలనరసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పెట్టె దగ్గరికి వంగింది.

"ఏవయ్యో, లెగు. నీతో ఒక మాటుంది."